మర్దన విద్యకు ప్రమాణ మెక్కడ?

మానవుడు తన ధనమును పరుల చేతికిచ్చునపుడు పత్రము వ్రాయించుకొనును, సాక్షులను పిలుచును, ముద్ర వేయించును. తన దేహమును పరుల చేతుల కొప్పగించునపుడు మాత్రము ఏమియు నడుగడు. ఈ వైపరీత్యము మర్దన వృత్తియందు కనబడినంత స్పష్టముగ మరియొక వృత్తియందు కనబడదు. నేడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము మొదలగు నగరములలో అభ్యంగనము, పంచకర్మ, స్పా, మాలీషు అను పేళ్లతో వీధివీధిని బోర్డులు వెలసియున్నవి. లోపల గోడలకు అద్దపు చట్రములలో యోగ్యతాపత్రములు వ్రేలాడుచుండును. ఏడుదినములు నేర్చినవాని పత్రమును, ఏడాది నేర్చినవాని పత్రమును చూపునకు ఒక్కటే. అదే కాగితము, అదే బంగారు రంగు ముద్ర. ఏది విద్యకు సాక్ష్యమో, ఏది చెల్లించిన రొక్కమునకు రశీదో వచ్చిన రోగికి తెలియదు. పని యిచ్చు యజమానికి తెలియదు. తుదకు దానిని సంపాదించిన యువకునకు గూడ తెలియదు.

ఈ విషయమున మేము చెప్పదలచినది ఒక్కటియే. మర్దన చేయువానిని పరీక్షించుటకు ముందు అతనికి నేర్పిన పాఠశాలను పరీక్షింపవలయును. ఆ పరీక్షను పాఠశాలతో లాభసంబంధము లేనివారు జరుపవలయును. దాని ఫలితమును ప్రజలెల్లరు చూడగలుగవలయును. అయితే, ఇట్లు ప్రమాణమును పెంచు తొందరలో, తరతరములుగ ఈ విద్యను తమ చేతులలో దాచి మనకందించిన బీదజనులను వాకిట నిలుపరాదు. ఈ రెండును పరస్పర విరుద్ధములని కొందరికి తోచవచ్చును గాని, కావని మా విశ్వాసము.

సంప్రదాయ మేమి కోరినది?

మర్దనము మనకు దిగుమతి సరకు కాదు. పండుగనాటి తలంటి, పెండ్లినాటి నలుగు, బాలింతకు ఒళ్లు పట్టుట, పసిబిడ్డను కాళ్లపై పరుండబెట్టుకొని నూనె రాచి నీళ్లు పోయుట, తాలింఖానాలో కుస్తీ ముగిసిన పిదప ఉస్తాదు శిష్యుని కండరములను సడలించుట — వీనిలో నొక్కటియైన ఎరుగని తెలుగిల్లు అరుదు. పల్లెలలో ఈ సేవను నాయీబ్రాహ్మణ కుటుంబములవారును, మంత్రసానులును ఎక్కువగ నెరవేర్చిరి. వారిని మనము కళ్లమునందలి మేరగింజలతో పోషించితిమి గాని, వారి విద్యను విద్యగ గౌరవింపలేదు. చేతిపని చేయువాడు తక్కువవాడు, దానిని గురించి మాటలాడువాడు ఎక్కువవాడు అను దురభిప్రాయము మన సంఘమున వేళ్లూనినంతకాలము, ఆ చేతిపనికి పాఠశాల కావలెనను తలంపు ఎవరికిని కలుగలేదు.

ఇది మన శాస్త్రకారుల దోషము కాదు. చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. వైద్యునకు లక్షణములు చెప్పినట్లే పరిచారకునకును చెప్పినది. సేవావిధానము తెలిసియుండుట, చేతిదక్షత, రోగియెడ అనురాగము, శౌచము — ఈ నాలుగును లేనివానిని రోగి కడకు రానీయదగదని దాని భావము. అనగా పరిచారకుడు వైద్యుని నీడ కాడు. తనకు వేరుగ పరీక్షగల మనుష్యుడు. సుశ్రుతసంహిత దేహమున 107 మర్మస్థానములను గణించి, ఎచ్చట దెబ్బ తగిలిన ప్రాణహాని, ఎచ్చట తగిలిన వైకల్యము సంభవించునో విడదీసి చెప్పినది. శస్త్రకర్మ నేర్చువాడు ముందుగ గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలపై చేయి తిప్పి, పిమ్మటనే మనుష్యుని ముట్టవలయునని విధించినది. శాస్త్రమొక్కటే చదివినవానిని, కర్మమొక్కటే నేర్చినవానిని ఒంటిరెక్క పక్షితో పోల్చినదియు ఆ గ్రంథమే.

కావున శిక్షణకు ప్రమాణము కావలయుననుట పాశ్చాత్యుల యనుకరణ మని ఎవరైన నాక్షేపించినచో, వారు తమ గ్రంథములను తామే తెరచి చూడలేదని చెప్పవలసివచ్చును.

చేయి తీయవలసిన చోటు

"చేతితో నొత్తుటయే గదా, దీనికి పాఠశాల యేల, పరీక్ష యేల?" అని పలుకువారు కలరు. వారికి రెండు మూడు దృష్టాంతములు చాలును.

శస్త్రచికిత్స జరిగి మంచముననున్నవారికి, ఎముక విరిగి కట్టు కట్టించుకొనినవారికి, చాలసేపు కదలక కూర్చుండి దూరప్రయాణము చేసినవారికి పిక్కలోని లోతైన సిరలలో రక్తము గడ్డకట్టుట కలదు. అపుడు కాలు వాచును, సలుపు పుట్టును, ఆ సలుపు బెణుకువలెనే యుండును. ఇంటివారు "కొంచెము నూనె రాచి గట్టిగ పిసుకుము" అందురు. పిసికినచో ఆ గడ్డ కదలి, గుండె మార్గమున ఊపిరితిత్తులలోని ధమనికి అడ్డుపడి, స్వల్పకాలములోనే ప్రాణము తీయగలదు. ఒక కాలు మాత్రమే వాచినదా, వేడిగనున్నదా, ఇటీవల మంచము పట్టెనా యని అడుగుటకు అర నిమిషము చాలును. కాని అడుగవలెనని నేర్పినవారుండవలెను.

మెడ విషయము ఇంతకన్న సున్నితమైనది. మెదడునకు రక్తమును కొనిపోవు ధమనులలో రెండు మెడయెముకల రంధ్రములగుండనే పోవుచున్నవి. మెడను ఒక్కమారుగ మెలిపెట్టి "పటుక్కు" మనిపించుట మన మంగలి దుకాణములలో చిరకాలముగనున్న వాడుక. ఆ మెలికలో ధమని లోపొర చిరిగినచో పక్షవాతము కలుగవచ్చును. 2017లో గురుగ్రామమున 54 ఏండ్ల పురుషుడొకడు మర్దనము చేయించుకొని మెడ విరిపించుకొనిన పిదప ఊపిరి యాడక ఆసుపత్రి చేరెను. ఊపిరి కండరమును నడపు నరము దెబ్బతినినదని వైద్యులు తేల్చినట్లు పత్రికలు ప్రకటించెను. ఆ పని చేసినవాడు దుర్మార్గుడు కాడు. తాను చూచినదానిని తాను చేసినాడు. వలదని చెప్పిన గురువు అతనికి లేడు.

మధుమేహముచే పాదములకు స్పర్శ తగ్గినవానికి కాగిన నూనె వేడి తెలియదు. బొబ్బ లేచిన పిదప గాని యెరుగడు. ఎముకలు గుల్లబారిన వృద్ధురాలి వీపుపై బలము చూపినచో ఎముక విరుగును. గర్భిణికి, జ్వరపీడితునకు, అంటు చర్మవ్యాధి కలవానికి, రక్తము పలుచనగు మందులు వాడువానికి వేరువేరు విధులున్నవి. ఇవి యన్నియు కలిసి చెప్పునది యేమి? మర్దన విద్యలో సగము చేయి వేయుట. తక్కిన సగము చేయి తీయుట. మొదటి సగమును చూచి నేర్వవచ్చును. రెండవ సగము శరీరనిర్మాణము, రోగలక్షణములు తెలిసిన గురువు కడ కూర్చుండి నేర్వవలసినదే. ఏడుదినముల పాఠశాలలు విడిచిపెట్టునది ఈ రెండవ సగమునే.

అపనింద, దాని యౌషధము

ఈ వృత్తికి మరియొక బాధ కలదు. అది అపనింద. మర్దనశాల యనగానే పెదవి విరుచువారు, వెకిలినవ్వు నవ్వువారు నేటికిని కొల్లలు. కొన్నిచోట్ల ఈ పేరిట అక్రమ వ్యాపారములు జరుగుచున్నమాట నిజము. పోలీసులు దాడులు జరుపుచున్నమాటయు నిజము. కాని ఆ దాడులలో నిజాయితీగ చేతివిద్యతో పొట్టపోసికొను స్త్రీయు తలవంచుకొని నిలువవలసివచ్చుచున్నది. "నేను వేరు" అని రుజువు చేసికొనుటకు ఆమె చేతిలో నమ్మదగిన పత్రము లేదు. ప్రమాణము లేని వృత్తిలో మంచివారే ముందుగ నష్టపోవుదురు.

ఈ సంకటమును సరిగ్గ ఇట్లే యెదుర్కొనినవారి చరిత్ర యొకటి మనకు లభించుచున్నది. 1894లో లండను నగరమున మర్దనశాలల ముసుగులో జరుగుచున్న అకృత్యములను బ్రిటిషు మెడికల్ జర్నల్ బయటపెట్టగా గొప్ప కలకలము రేగెను. అప్పుడు నలుగురు స్త్రీలు, వైద్యసేవయందు ఆరితేరినవారు — లూసీ రాబిన్సన్, రోజలిండ్ పాజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ — తమ వృత్తిని మూయింపుమని గాని, తమ్ము విడిచిపెట్టుమని గాని యర్థింపలేదు. "శిక్షణపొందిన మర్దనకారిణుల సంఘము" అను పేర ఒక సంఘమును స్థాపించి, తమకు తామే పరీక్ష పెట్టుకొనిరి. వైద్యుని యనుజ్ఞ లేనిదే చికిత్స చేయరాదు, సామాన్య పత్రికలలో ప్రకటనలు వేయరాదు అను కఠిన నియమములకు లోబడిరి. 1900లో ఆ సంఘము చట్టప్రకారము నమోదయ్యెను. మొదటి ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికుల కాళ్లు చేతులు తిరిగి పనికివచ్చునట్లు చేయుటలో ఇట్టి శిక్షణపొందిన చేతుల విలువ లోకమునకు తెలిసెను. 1915లో లండనులో స్థాపితమైన సెయింట్ డన్‌స్టన్స్ సంస్థ, యుద్ధములో కన్నులు పోయిన సైనికులకు గూడ ఈ విద్య నేర్పించినది. 1920లో ఆ సంఘమునకు రాజశాసనము లభించెను. 1944లో అది ఫిజియోథెరపీ సంఘముగ పేరు మార్చుకొనెను. నేడు ప్రపంచమున గౌరవము పొందుచున్న ఫిజియోథెరపీ వృత్తికి ఒక మూలము, ఒకనాడు వీధిలో నవ్వులపాలైన మర్దన వృత్తియే.

పోలీసు దాడి అపనిందను ఒకదినము అణచును. పరీక్ష దానిని శాశ్వతముగ తొలగించును. 2021లో ఢిల్లీ ప్రభుత్వము పురుషులకు పురుషులే, స్త్రీలకు స్త్రీలే మర్దనము చేయవలయునని నియమము పెట్టగా, అచ్చటి హైకోర్టు దాని యమలును తాత్కాలికముగ నిలిపివేసినది. ఆ వివాదములోని న్యాయాన్యాయముల జోలికి మేము పోము. చేయువారు స్త్రీలా పురుషులా యని విచారించుటలో చూపిన శ్రద్ధలో నాలుగవవంతైన, వారు నేర్చినదేమి యని విచారించుటలో చూపియుండినచో బాగుండెడిదని మాత్రము మనవి చేయుచున్నాము.

తెలుగునాట జరిగిన దేమి?

చిత్రమేమనగా, లండనులో ఆ నలుగురు స్త్రీలు సంఘమును స్థాపించిన 1894వ సంవత్సరముననే తెలుగుభాషలోనికి ప్రకృతి చికిత్స ప్రవేశించినది. జర్మను దేశీయుడైన లూయీ కూనే రచించిన గ్రంథమును ద్రోణంరాజు వేంకటచలపతిశర్మగారు ఆ యేటనే తెలుగు చేసిరి. భారతదేశమున ప్రకృతి చికిత్సోద్యమమునకు అదియే నాంది యని ఆ రంగమువారు నేటికిని చెప్పుకొందురు. పిమ్మట గాంధీమహాత్ముడు ఈ చికిత్సయందు జీవితాంతము శ్రద్ధ వహించి, 1946లో ఉరుళీకాంచనమున ఆశ్రమమును స్థాపించెను. హైదరాబాదునందు 1970లో ప్రకృతి చికిత్సకు కళాశాల యేర్పడినది. నేడు ఆ వైద్యపట్టము పొందవలెనన్న, ఆసుపత్రి శిక్షణతో కలిపి అయిదున్నర సంవత్సరములు చదువవలయును.

ఇందు మేము గర్వింపదగినది కలదు, విచారింపదగినదియు కలదు. వైద్యుని విద్య ఒక పుస్తకమునుండి అయిదున్నర సంవత్సరముల పట్టమువరకు పెరిగినది. కాని ఆ వైద్యుడు చీటీ వ్రాసిన పిదప రోగిని బల్లపై పరుండబెట్టి, గంటసేపు చేతులతో పనిచేయు మనుష్యుని విద్య ఎంత పెరిగినది? మంచి ఆసుపత్రులు తమవారికి తామే నేర్పుకొనుచున్నవి. తక్కినచోట్ల, నిన్న చేరినవాడు మొన్న చేరినవానిని చూచి నేర్చుకొనుచున్నాడు. నాలుగు పాదములలో ఒకటి మాత్రము బలిసి, మరియొకటి సన్నగిలిన బల్లపై రోగిని పరుండబెట్టినట్లున్నది.

చట్టములు అనేకము, దిక్కు లేదు

మన దేశమున చట్టములు లేకపోలేదు. 2020లో భారతీయ వైద్యపద్ధతుల జాతీయ కమిషను చట్టము వచ్చినది. ఆయుర్వేదము, యునానీ, సిద్ధ, సోవారిగ్ప విద్యలు దాని పాలనలో చేరినవి. ప్రకృతి చికిత్స చేరలేదు. 2021లో వైద్యానుబంధ వృత్తుల జాతీయ కమిషను చట్టము వచ్చినది. ఫిజియోథెరపీ మొదలు పలు వృత్తులు దాని పట్టికలో చేరినవి; మర్దన వృత్తికి అందు ప్రత్యేకస్థానము దొరకలేదు. వృత్తివిద్యా శిక్షణకై 2018లో ఏర్పడి 2020లో పనికి పూనుకొనిన జాతీయ మండలి యొకటి కలదు. యోగ్యతాపత్రములిచ్చు సంస్థలను, పరీక్షలు జరుపు సంస్థలను గుర్తించుట దాని పని. దాని క్రింద పంచకర్మ సహాయకులకును, స్పా పనివారికిని పాఠ్యక్రమములు రూపొందినవి. ఇది మంచి యారంభమే. అయినను, ఆ పాఠ్యక్రమము చదువనివాడు బోర్డు కట్టరాదను నిర్బంధము లేదు. చదివినవానికి జీతము పెరుగునను హామీయు లేదు. నిర్బంధము లేక, లాభమును లేక, కష్టపడి చదువువారెందరు?

ఆయుర్వేదమునకు పేరొందిన కేరళ కొంత ముందడుగు వేసినది. అచ్చటి పర్యాటకశాఖ ఆయుర్వేదకేంద్రములను పరిశీలించి "గ్రీన్ లీఫ్", "ఆలివ్ లీఫ్" అను గుర్తులిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. వైద్యుడుండవలెననియు, మర్దన చేయువారు గుర్తింపుపొందిన సంస్థలలో నేర్చియుండవలెననియు, మర్దనబల్ల యింత పొడవు, యింత వెడల్పు ఉండవలెననియు నియమములు చేసెను. ఇది ప్రశంసనీయమే. కాని బల్లను టేపుతో కొలువవచ్చును. పాఠశాలను కొలుచుట యెట్లు? "గుర్తింపుపొందిన సంస్థ" అను రెండు మాటలలోనే సమస్య యంతయు ఇమిడియున్నది. ఆ గుర్తింపు ఎవరిచ్చిరి, ఏమి చూచి యిచ్చిరి, మరల ఎప్పుడు చూతురు?

మూడు ద్వారములు

ఇచ్చట మూడు విషయములను పాఠకులు వేరుచేసి గ్రహింపవలెనని కోరుచున్నాము. లైసెన్సు మనుష్యునకు ప్రభుత్వమిచ్చు అనుమతి. పరీక్ష ఆ మనుష్యుని నేర్పును తూచు త్రాసు. పాఠశాల గుర్తింపు మూడవది: ఆ నేర్పు పుట్టిన చోటును, అనగా గురువులను, వసతులను, పాఠ్యక్రమమును, అభ్యాసమును బయటివారు వచ్చి పరిశీలించి యిచ్చునది. మొదటి రెండును ఉండి మూడవది లేనిచో, విద్యార్థులు పరీక్షకు వచ్చు ప్రశ్నలను వల్లించి గట్టెక్కుదురు. కంఠస్థమైన చదువు చేతిలోనికి దిగదు.

అమెరికా సంయుక్తరాష్ట్రముల యనుభవము ఇందుకు చక్కని పాఠము. అచ్చట ఈ వృత్తి రాష్ట్రముల యధీనము. పెక్కు రాష్ట్రములు లైసెన్సు నిర్బంధము చేసినవి, కొన్ని చేయలేదు. శిక్షణకు టెక్సాసు 500 గంటలు చాలుననును. న్యూయార్కు 1000 గంటలు కావలెననును. 2007 నుండి రాష్ట్రముల మండళ్లు కలిసి ఒకే ప్రవేశపరీక్షను జరుపుచున్నవి. మర్దన పాఠశాలలను తనిఖీచేసి గుర్తించుటకే వేరుగ ఒక కమిషను గూడ కలదు. కాని దానికడకు స్వచ్ఛందముగ పోవు పాఠశాలలు కొలదియే. ఫలితముగ గంటల లెక్క పెరిగినచోటనెల్ల విద్య పెరిగినదని చెప్ప వీలులేదు. పాఠశాలవాడు అయిదువందల గంటలు విద్యార్థిని కూర్చుండబెట్టెనని రుజువు చేయగలడు. నేర్పెనని రుజువు చేయుట వేరు.

కనడాలోని ఒంటారియో రాష్ట్రము 1991లోనే ఈ వృత్తికి ప్రత్యేక చట్టము చేసినది. తరువాత ఆ దేశమున పాఠశాలల గుర్తింపునకు జాతీయ మండలి యేర్పడి, గంటలకు బదులు సామర్థ్యములను కొలతగ గ్రహించినది. విద్యార్థి రోగిని ప్రశ్నించగలడా, వ్యాధిలక్షణమును చూచి వైద్యునికడకు పంపగలడా, తాను చేసినదానిని వ్రాసి యుంచగలడా — ఇవి యచ్చటి ప్రశ్నలు. మనము అనుకరింపదలచినచో, గంటలను గాక ఈ ప్రశ్నలను అనుకరింపవలెను.

బీదవాని వాకిలి

ఇక, మాకు మిక్కిలి బరువైన ఆక్షేపణ యొకటి కలదు. ప్రమాణము పెంచినచో రుసుము పెరుగును. రుసుము పెరిగినచో బీదవాడు చదువలేడు. ఇంగ్లీషులో వ్రాతపరీక్ష పెట్టినచో, ముప్పదియేండ్లుగ పనిచేసిన చేతులు ఒక్కదినములో "అనర్హము" లగును. వృత్తిని పుట్టుకతో పొందినవాడు బయటబడి, డబ్బుతో కొనినవాడు లోపల కూర్చుండును. ఇట్టిది జరుగదని మేము చెప్పజాలము. అనేక వృత్తులలో జరిగియేయున్నది.

కాని ప్రమాణమును బలహీనులకు కోటగోడగ గూడ కట్టవచ్చునని జపాను దేశము చూపినది. అచ్చట మర్దనము శతాబ్దములుగ అంధుల జీవనాధారము. 17వ శతాబ్దమున సుగియామా వాయిచి యను అంధ వైద్యుడు అంధులకై సూచీచికిత్స, మర్దన విద్యల పాఠశాలలను నడిపెను. 1947లో అచ్చట ఈ వృత్తులకు చట్టము వచ్చినది. నేడు మూడేండ్ల శిక్షణయు, జాతీయ పరీక్షయు నిర్బంధము. 1964లో చేర్చిన సవరణచే, అంధుల బ్రతుకుతెరువునకు భంగము కలుగునపుడు, చూపున్నవారికై క్రొత్త మర్దన పాఠశాలలకు అనుమతి నిరాకరించు అధికారము ప్రభుత్వమునకు లభించెను. ఆ నిబంధన రాజ్యాంగబద్ధమేనని 2022లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. తైవానులో ఇందుకు విరుద్ధముగ, మర్దన వృత్తిని అంధులకే పరిమితము చేసిన నిబంధనను 2008లో న్యాయమూర్తులు కొట్టివేసిరి. ఏది యుక్తమో ఆయా దేశములవారు తేల్చుకొందురు. మనము గ్రహింపవలసినది, పాఠశాల గుర్తింపు అనునది విద్యను గురించిన ప్రశ్న మాత్రమే గాదు, ఎవరి కూటిని గురించిన ప్రశ్నయో గూడ నని.

మన దేశమున 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ఇదివరకే పని తెలిసినవారి నేర్పును పరిశీలించి పత్రమిచ్చు పద్ధతి యొకటి చేరినది. ఆ పద్ధతిని మర్దన వృత్తియందు శ్రద్ధతో అమలుజరిపినచో, మంగలి దుకాణమున ముప్పదియేండ్లు పనిచేసినవాడును, ఊరిలో నూరుగురు బాలింతలకు ఒళ్లు పట్టిన వృద్ధురాలును మరల అ, ఆలు దిద్దనవసరము లేదు. వారు చేతితో నొత్తుట నేర్వనక్కరలేదు. చేయి తీయవలసిన చోట్లు మాత్రము నేర్చుకొన్న చాలును. కొలది వారములలో, తెలుగులో, బొమ్మలతో నేర్పదగినది అది. పత్రమును కూలిపోకుండ, జీతనష్టము చెల్లించి యియ్యవలయును.

చేయవలసినది

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు కేంద్రముకొరకు కనిపెట్టుకొని యుండనక్కరలేదు. వైద్యమును, విద్యయును గురించిన యధికారములు రాష్ట్రములకును కలవు. మాకు తోచిన మార్గమును సంగ్రహముగ మనవి చేయుచున్నాము.

మొదటిది, ఈ వృత్తిలో రెండు మెట్లను వేరుచేయవలెను. అలసట తీర్చు సామాన్య మర్దనమొక మెట్టు. వైద్యుని యాజ్ఞపై రోగికి చేయు మర్దనము రెండవ మెట్టు. మొదటిదానికి స్వల్పకాలపు శిక్షణ చాలును. రెండవదానికి సంవత్సరమునకు తగ్గని శిక్షణయు, ఆసుపత్రిలో పర్యవేక్షణక్రింద అభ్యాసమును ఉండవలెను. మొదటి మెట్టువాడు రెండవ మెట్టు బోర్డు కట్టరాదు.

రెండవది, నేర్పువారు వేరు, పరీక్షించువారు వేరు కావలెను. పాఠశాల యిచ్చు రుసుముతో బ్రతుకు పరీక్షకుడు ఆ పాఠశాల విద్యార్థిని తప్పించడు. పరీక్షారుసుము ప్రభుత్వ నిధికి చేరి, పరీక్షకులను ఆ నిధి నియమింపవలెను.

మూడవది, పాఠశాలల తనిఖీ ముందు తెలిపిన దినమున జరుగరాదు. తెలిపి వచ్చినచో గోడకు సున్నమును, గదిలో అస్థిపంజరమును అద్దెకు వచ్చును. తెలుపక వచ్చినచో ఉన్నదున్నట్లు కనబడును. తనిఖీదారు వ్రాసిన నివేదికను, దోషములతో సహా, తెలుగులో అచ్చువేయించి ప్రజల యెదుట పెట్టవలెను. గుర్తింపు శాశ్వతము కారాదు. గడువు తీరగానే మరల పరిశీలింపవలెను. అచ్చుపడిన నివేదిక లంచమునకు పరమశత్రువు.

నాలుగవది, శరీరనిర్మాణము, నిషిద్ధసందర్భములు, శౌచము, రోగితో మాటలాడు పద్ధతి, స్త్రీపురుషుల మర్యాద — వీనిపై సరళమైన తెలుగులో ప్రామాణిక గ్రంథము వ్రాయింపవలెను. పరీక్ష తెలుగులోను, ఉర్దూలోను జరుగవలెను. చేతిపరీక్షకు సగమునకు తగ్గని మార్కులుండవలెను.

అయిదవది, యోగ్యులైనవారి పట్టికను ప్రజలు చూడగలుగునట్లు ప్రకటింపవలెను. పత్రముమీది సంఖ్యను చూచి ఎవరైనను నిజానిజములు తెలిసికొనగలుగవలెను. ఆ పట్టికలోనివారిని పోలీసులు అకారణముగ వేధించినచో విచారణ జరుగవలెను. గౌరవము కోరి నియమమునకు లోబడినవానికి గౌరవము దక్కకపోయినచో రేపు నియమమునకు లోబడువా డెవ్వడు?

ఈ మార్గమునను లోపములుండవచ్చును. గుర్తింపు సంస్థయే అవినీతిపాలు కావచ్చును. ముద్రలలో మరియొక ముద్రగ అది మిగిలిపోవచ్చును. దానికి ప్రతిక్రియ సంస్థను మానివేయుట గాదు. దాని పనిని బట్టబయలు జరిపించుట.

ప్రజల బాధ్యతయు కలదు

ప్రభుత్వమునకు చెప్పి ఊరకుండుట మాకు తృప్తినీయదు. ఈ వృత్తి ప్రమాణము తుదకు ప్రజల యడుగుటపై నాధారపడియున్నది. మర్దనము చేయించుకొనబోవువారు మూడు ప్రశ్నలు వేయుట అలవరచుకొనవలెను. ఎచ్చట నేర్చితివి? ఎంతకాలము నేర్చితివి? నిన్ను పరీక్షించినవా రెవరు? ఈ ప్రశ్నలకు కోపగించువాని బల్లపై పరుండవలదు. ఆ ప్రశ్నలు తనను అడిగినందుకు సంతోషించువాడు, తిరిగి మీ రోగములను గురించి నాలుగు ప్రశ్నలడుగువాడు, మీకు నచ్చినను నచ్చకున్నను "ఈ కాలు నేను ముట్టను, ముందు వైద్యునకు చూపింపుడు" అని చెప్పగలవాడు — అతడే నేర్చినవాడు. అతని కిచ్చు కూలిలో బేరమాడవలదు.

వృత్తిలోనున్న సోదర సోదరీమణులకును మా మనవి యొకటి. లండనులో ఆ నలుగురు స్త్రీలు ప్రభుత్వము వచ్చి తమను ఉద్ధరించునని వేచియుండలేదు. తామే కూడి, తామే నియమము పెట్టుకొని, తామే పరీక్షకు కూర్చుండిరి. రాజశాసనము వారిని వెదకికొనుచు ఇరువదియారేండ్ల తరువాత వచ్చినది. తెలుగునాట జిల్లాకొక సంఘముగ మీరు కూడి, చేయరాని పనుల పట్టిక నొకదానిని ముందుగ వ్రాసికొనుడు. మెడ విరుచుట ఆ పట్టికలో మొదటిది కానిండు. వైద్యులు, ఫిజియోథెరపీ పండితులు, ప్రకృతి చికిత్సా కళాశాలల ఆచార్యులు మీకు పాఠములు చెప్పుటకు ముందుకు రావలెనని వారినిగూడ ఈ సందర్భమున కోరుచున్నాము. ప్రభుత్వములు పూనుకొనుటకు ముందే ఈ పని మొదలుకావచ్చును. మొదలైనదానిని గుర్తించుట ప్రభుత్వములకును సులభము.